భాషావాచకములు – దేశభక్తి – పౌరధర్మము

(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)

   

ఇట్టి మహాసభలలో కులవృత్తిని గూర్చియు, సహకారసంఘములను గూర్చియు, విద్యార్థి వసతిగృహములను గూర్చియు నుపన్యాసములు జరుగుట వాడుక. పాఠశాలలలోని తెలుగు వాచకమును గూర్చి మాటలాడుడని ఆహ్వానసంఘమువారు మమ్ము గోరినప్పుడు మాకు కొంత యాశ్చర్యము కలిగినమాట నిజము. కాని యాలోచించినకొలది నిది మన సంఘమునకు మిక్కిలి సన్నిహితమైన విషయమే యని తోచినది. మేము ముప్పదియేండ్లకు పైగా ఖమ్మము, భద్రాచలముల నడిమి యడవియంచు పల్లెలలో తెలుగు బోధించినవారము. అందు నేర్పినదానిని మాత్రమే గాక, నేర్పలేక మేమే నేర్చుకొనినదానిని గూడ మీ యెదుట నుంచెదము.

పౌరధర్మము బోధించుటకు సాంఘికశాస్త్ర మున్నదిగదా, భాషావాచకమున కా పని యేల యని కొంద ఱడుగుదురు. సాంఘికశాస్త్రము ప్రత్యేకగ్రంథముగా బాలుని చేతికి వచ్చునది పై తరగతులలోనే. తెలుగు వాచకమన్ననో, బడిలో నడుగిడిన మొదటి సంవత్సరముననే వచ్చును. చదువు మధ్యలో మానిపించి మగ్గముమీదనో, చేనిలోనో, మిరపతోటలోనో పనికి బెట్టిన పిల్లకు జీవితములో మిగులునది చిన్నతరగతులలో చదివిన యా రెండుమూడు వాచకములే. రాజ్యాంగమందలి యధికరణముల సంఖ్యలను పిల్లవాడు పరీక్షకొఱకు వల్లించి మఱునాడు మఱచును. కథలోని ముసలవ్వను మాత్రము మఱువడు. కావున దేశమనిన నేమి, తోటివాడనిన నెవడు అను తలంపునకు మొదటి బీజము పడునది భాషావాచకమునందే.

ఆ వాచకమును దెఱచినంతనే కానవచ్చునది ప్రతిజ్ఞ. దేశమంతటను బాలబాలికలు నిలువబడి పఠించు నా ప్రతిజ్ఞ మొదట తెలుగుననే వ్రాయబడినదని మన పిల్లలలో నెందఱెఱుగుదురు? నల్లగొండ జిల్లా అన్నేపర్తి గ్రామమున జన్మించిన పైడిమర్రి వేంకటసుబ్బారావుగారు విశాఖపట్టణమున జిల్లా ఖజానాధికారిగా నుండి, చైనా యుద్ధము జరిగిన 1962లో దానిని రచించిరి. తెన్నేటి విశ్వనాథముగారి మూలమున నది నాటి విద్యామంత్రి పి. వి. జి. రాజుగారికి జేరెను. 1963లో విశాఖపట్టణమున నొక పాఠశాలలో పిల్లలచే జదివింపబడెను. 1964లో బెంగుళూరున యం. సి. చాగ్లాగారి యధ్యక్షతను జరిగిన కేంద్ర విద్యా సలహామండలి సమావేశమున దేశమందలి పాఠశాలల కన్నిటికిని నిర్ణయింపబడి, 1965 జనవరి 26 మొదలు ఆచరణలోనికి వచ్చెను. సుబ్బారావుగారు 1988లో గతించిరి. ఆయన పేరు చాలకాలము వాచకములలో లేకుండెను.

ఈ చరిత్రను మేమెందుకు జెప్పుచున్నాము? ఆ వాక్యములను వ్రాయుమని సుబ్బారావుగారి నే ప్రభువును నాజ్ఞాపింపలేదు. ఆయన కవిసమ్రాట్టుగాని, మంత్రిగాని కాడు. ఖజానాలో లెక్కలు చూచుకొను నుద్యోగి. దేశమున కాపద వచ్చినదని తెలిసినప్పుడు తనకు జేతనైన పని తాను జేసెను. ప్రతిజ్ఞను కంఠస్థము చేయించుట సులభము. దానిని వ్రాసినవాని నడతను వివరించినచో, పౌరధర్మపాఠ మచ్చటనే మొదలగును.

మన ప్రాంతమునకు ప్రభుభక్తి పాఠములు క్రొత్తవి కావు. గోదావరి యొక యొడ్డున నున్న భద్రాచలము 1860లో నిజాముచేతినుండి ఆంగ్లేయుల చేతికి బోయి, తొలుత మధ్యపరగణాలలోను, 1874 మొదలు చెన్నరాజధాని గోదావరి జిల్లాలోను జేరెను. ఆ యొడ్డున బిల్లవానికి చక్రవర్తియే దైవము. ఖమ్మము, పాల్వంచలున్న రెండవయొడ్డు నిజాము రాజ్యము. ఆ యొడ్డున నిజాము ప్రభువే దైవము. నది యొక్కటి, భాష యొక్కటి, జాతరయు నొక్కటియే. కాని బాలురు మ్రొక్కవలసిన సింహాసనములు మాత్రము రెండు. పై తరగతులలో బోధనాభాష ఉర్దూ యగుటచే, ఇంట తెలుగు మాటలాడు బిడ్డ బడిలో గణితమును, చరిత్రమును బరభాషలో వల్లింపవలసివచ్చెను. మాతృభాషలో విద్య యనుట ఆంధ్రమహాసభ యెడతెగక కోరిన కోరికలలో ముఖ్యమైనది. ఆ మహాసభ మూడవసమావేశము 1934లో పులిజాల వేంకటరంగారావుగారి యధ్యక్షతను మన ఖమ్మమందే జరిగినదని మనము గర్వముతో స్మరింపవలెను. 1938లో ఉస్మానియా వసతిగృహములలో వందేమాతరము పాడినందులకు విద్యార్థులను వెడలగొట్టగా, వారిలో బెక్కుమంది నాగపురము బోయి చదువు కొనసాగించిరి. ఖమ్మమున జదువుకొనిన దాశరథి కృష్ణమాచార్యులుగారు కవిత వ్రాసి చెఱసాలకు బోయిరి. నేడాయన పద్యములు పిల్లల వాచకములలో నున్నవి. ఒకనాడు రాజద్రోహ మనిపించుకొనినది మఱియొకనాటికి పాఠమైనది. ఇందువలన దెలియున దేమనగా, ప్రభుభక్తి వేఱు, దేశభక్తి వేఱు. మొదటిది సింహాసనము నాశ్రయించును; రెండవది తోటి ప్రజ నాశ్రయించును.

ఇతరదేశముల చరిత్రయు నీ భేదమునే చాటుచున్నది. 1871లో జర్మనీచేత నోడి యల్సాసు, లొరేనుల గోల్పోయిన ఫ్రాన్సుదేశమున 1877లో నొక పఠనపుస్తకము వెలువడెను. లొరేనునుండి బయలుదేఱిన యిద్దఱనాథ సోదరులు దేశమంతయు దిరుగుచు, ఊరూర నెవ రేమి పండింతురో, ఏమి నేయుదురో, ఏమి కనిపెట్టిరో చూచుటయే యందలి కథ. దానిని దరతరములు చదివినవి. శత్రువును దిట్టుటకన్న స్వదేశపు పనివానిని బరిచయము చేయుటవలననే యది పిల్లల మనస్సులకు హత్తుకొనెను. జపానుదేశమున 1890లో వెలువడిన చక్రవర్తి విద్యాశాసనమును బడిపిల్లలచే వల్లింపజేసిరి. 1945లో నాదేశ మోడిపోయినపిమ్మట, అదే పాఠశాలలలో నదే పిల్లలచేత వాచకములలోని యుద్ధపాఠములపై సిరాపూసి చెఱిపించిరి. నిన్న పూజించుమనిన వాక్యమును నేడు చెఱుపుమనిన, ఆ బిడ్డ రేపు దేనిని నమ్మును? నిజముమీద నిలువని దేశభక్తికి దుద కిట్టి గతియే పట్టును.

మన పెద్దలీ సంగతి నెఱుగని వారు కారు. 1906లో హైదరాబాదున కొమఱ్ఱాజు వేంకటలక్ష్మణరావుగారు మొదలగువారు స్థాపించిన విజ్ఞానచంద్రికామండలి తన తొలిగ్రంథముగా బ్రకటించినది రాజవంశ చరిత్ర కాదు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్రము. కట్టెలు గొట్టి బ్రదికిన పేదవాని కుమారుడు దేశాధ్యక్షుడై బానిసత్వమును దొలగించిన కథ అది. 1910లో గురజాడ అప్పారావుగారు వ్రాసిన దేశభక్తి గేయమును పిల్లలు నేటికిని బాడుచున్నారు. ఆ గేయమునకు మూలమైన భావము, నేలను బూజించుటకన్న నేలమీది మనుష్యుల నాదరించుట మేలనుట. పిల్లలు పాడుచున్నారు, మేమును బాడించితిమి. పాడించినంతనే మా ధర్మము తీఱినదని బహుకాలము తలంచితిమి. ఆ భ్రమ యెట్లు తొలగెనో యిక విన్నవించెదము.

మేమొక యడవియంచు బడిలో రెండవతరగతికి బోధించుచుండగా, క్రొత్తగా జేరిన కోయబాలుడొకడు ముందువరుసలో గూర్చుండెడివాడు. దప్పి యయినప్పుడు మనమేమి త్రాగుదుమని వాచకమందలి ప్రశ్న నడిగితిమి. వాడు లేచి "ఏరు" అనెను. తరగతి యంతయు గొల్లున నవ్వెను. మేమును నవ్వి, "ఏరెవడైన త్రాగునటరా! కూర్చుండు" మని గద్దించితిమి. వాడు కూర్చుండెను. ఆ సంవత్సరమంతయు మఱల లేవలేదు. మందబుద్ధి యని మేము పట్టికలో వ్రాసికొంటిమి. కోయభాషలో నీటికే 'ఏర'ని పేరని మాకు మూడేండ్లకు గాని తెలియలేదు. మన 'ఏరు', వారి 'ఏరు' ఒక్క ద్రావిడకుటుంబమునుండి వచ్చిన తోబుట్టువులని తెలిసినప్పుడు మాకు గలిగిన సిగ్గు ఇంతింత గాదు. వాడు తప్పు చెప్పలేదు. మన మాటకు దోబుట్టువగు నొక మాట జెప్పెను. దేశప్రజలందఱు సోదరులని యుదయమున వానిచేత బలికించి, పదిగంటలకు వాని మాటను నవ్వులపాలు చేసితిమి. ఏ పాఠమును వాడు నమ్మవలెను?

ఇది మా యొక్కరి తప్పని యూఱకుండుటకు వీలులేదు. 1956లో రాజ్యాంగమునకు జేర్చబడిన 350-ఎ అధికరణము, అల్పసంఖ్యాక భాషలవారి బిడ్డలకు ప్రాథమికదశలో మాతృభాషాబోధనకు సౌకర్యములు గల్పింప బ్రయత్నింపవలెనని చెప్పుచున్నది. 2009 నాటి విద్యాహక్కుచట్టమును సాధ్యమైనంతవఱకు మాతృభాషలోనే బోధింపవలె ననుచున్నది. అంతకు బూర్వమే, 1943లో ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో హైమెన్‌డార్ఫు పండితుడు గోండుబిడ్డలకు గోండిభాషలో వాచకములు సిద్ధపఱపించి, గోండుయువకులనే యుపాధ్యాయులుగా దీర్చెను. 2004లో ఉమ్మడి యాంధ్రప్రదేశ ప్రభుత్వము కోయ, గోండి, కొలామి, సవర మొదలగు నెనిమిది భాషలలో దెలుగులిపితో వాచకములు వ్రాయించి కొన్ని బడులలో బ్రవేశపెట్టెను. మార్గము లేకపోలేదు, ఆ మార్గమున నిలకడగా నడచుటయే కొఱత. తెలుగును నిర్బంధముగా బోధింపవలెనని తెలంగాణమున 2018లో చట్టము వచ్చినందులకు మేమును సంతసించితిమి. ఉర్దూ బడిలో మన తాతలు పడిన బాధను దలచుకొని తెలుగును గోరిన మనము, తెలుగుబడిలో కోయబిడ్డ పడు బాధను మఱచితిమేని మన కోరికయందు న్యాయము మిగులదు.

ఇక వాచకములలోని పాఠముల నెట్లు చదివింపవలెనో యొకటి రెండుదాహరణములతో మనవి చేసెదము. నేలకొండపల్లి కంచర్ల గోపన్నగారి కథ మన ప్రాంతపు బిడ్డల కందఱకును దెలిసినదే. పాల్వంచపరగణా తహశీలుదారుగా నుండి, వసూలయిన పన్నుల ధనముతో భద్రాద్రి యాలయమును గట్టించి, తానీషా కాలమున గోల్కొండ చెఱసాలలో నుండెనని భక్తిభావముతో జెప్పుదుము. భక్తి యుచితమే. కాని తరగతిలో నొక ప్రశ్న నడిగి చూడుడు: ప్రజలు కట్టిన పన్ను ఎవరిది? వసూలుచేసిన యుద్యోగి దానిని దన కిష్టమైన మంచిపనికి ఖర్చుపెట్టవచ్చునా? పిల్లలు రెండు పక్షములై వాదింతురు. ఎవరికిని గోపన్నగారిపై గౌరవము తగ్గదు. పంచాయతీలో వచ్చిన పద్దు నడుగుటకు మాత్రము ధైర్యము వచ్చును. కథను మార్చకయే, ప్రశ్నను మార్చినమాత్రమున భక్తిపాఠమునందే పౌరపాఠమును దొరకును.

అల్లూరి సీతారామరాజుగారి పాఠమును నిట్లే. 1922 మొదలు 1924 వఱకు మన్నెమున జరిగిన యా పోరాటమును వీరుని సాహసకథగా మాత్రమే చెప్పుటచే, అడవిచట్టములును, కూలి లేని రోడ్డుపనులును మఱుగుపడుచున్నవి. ఆయన వెంట నడచిన గాము గంటముదొర, మల్లుదొర సోదరులను మన పిల్ల లెఱుగరు. శిక్ష ననుభవించి బయటికి వచ్చిన మల్లుదొరగారే 1952లో జరిగిన మొదటి సార్వత్రికయెన్నికలలో లోకసభకు నెన్నికయిరి. విల్లుబట్టిన చేతికి వోటు వచ్చుట, ఆ వోటుతో నాతడే చట్టము చేయు సభలో గూర్చుండుట, ఇంతకన్న పౌరధర్మమును దెలుపు కథ యేది?

మన సరిహద్దు బిడ్డల కింకొక చిక్కు గలదు. భద్రాచలము 1959లో తూర్పుగోదావరినుండి ఖమ్మముజిల్లాలో జేర్చబడెను. 2014లో రాష్ట్రము విభజింపబడినప్పుడు, పోలవరము ప్రాజెక్టు కారణముగా కూనవరము, చింతూరు, వరరామచంద్రాపురము, కుక్కునూరు, వేలేరుపాడు మండలములును, భద్రాచలము పట్టణముదక్క నా మండలమును ఆంధ్రప్రదేశమునకు జేరెను. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా యేర్పడెను. నేడు భద్రాచలముబిడ్డ తెలంగాణ వాచకమును జదువును. పట్టణము నానుకొనియే యున్న ఎటపాకబిడ్డ ఆంధ్రప్రదేశ వాచకమును జదువును. మేనమామ యొక రాష్ట్రము, మేనల్లుడొక రాష్ట్రము. ఒక వాచకమున గొమురము భీముడు, ఒకదాన నల్లూరి రాజుగారు మిక్కిలిగా గానవచ్చుట సహజమే. కాని ఇద్దఱును నడవిబిడ్డల కొఱకే పోరిరని రెండు వాచకములును జెప్పవలెను. ప్రాంతాభిమానము మెట్టువంటిది. మెట్టెక్కి మేడకు బోవలయును. మెట్టుమీదనే కాపుర ముండరాదు.

సోదరులారా! ఇదే మాట కులాభిమానమునకును జెల్లును. ఇక్కడ మేము చేదైన మాట యొకటి చెప్పవలసియున్నది, పెద్దలు క్షమింతురుగాక. మన పూర్వులు బట్టలమూటలు నెత్తిన బెట్టుకొని యడవిసంతలకు బోయి బ్రదికిరి. మంచిబట్ట నేసి మానముగా నమ్మినవారే యెక్కువ. కాని ఆ ఏటిబాలుడు అయిదవ తరగతి చదువుచున్న కాలమున, ఒక సంతనాడు మేమొక బట్టలదుకాణము చెంత నిలిచియుంటిమి. వాని నాయనమ్మ చీరెయు, తువాలయు గొనెను. దుకాణదారు మన కులస్థుడే, మాకు పరిచితుడే. చిల్లర యిచ్చినప్పుడు నలువదిరూపాయలు తక్కువ యిచ్చెను. అవ్వ మూటగట్టుకొని కదలబోయెను. ఆ బాలుడు ముందునకు వచ్చి, చీరె వెల యింత, తువాల వెల యింత, మే మిచ్చినది యింత, రావలసినది యింత యని స్వచ్ఛమైన తెలుగున లెక్క చెప్పెను. దుకాణదారు నవ్వి, "పోరా, సరిపోయినది" అనెను. బాలుడు కదలలేదు. మఱల మొదటినుండి లెక్క చెప్పెను. దుకాణదారు మావైపు జూచెను. మేము చూచితిమి గాని నోరు మెదపలేదు. తుదకు వాడే గెలిచి నలువదిరూపాయలు దీసికొని యవ్వచేతిలో బెట్టెను.

ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. మందబుద్ధి యని మేము వ్రాసినవాడు రెండుభాషలలో లెక్క చెప్పగలిగెను. వేలమందిచేత బ్రతిజ్ఞ పలికించిన మేము, కులస్థుని మొగముజూచి యొక్కమాట పలుకలేకపోతిమి. ఆనాడా సంతలో బౌరుడు మా శిష్యుడే గాని మేము గాము. అడవిజిల్లాలలో భూములన్యాక్రాంతము కాకుండుటకై 1959లో వచ్చి 1970లో గట్టిపఱుపబడిన చట్టము, మనబోటి వారిని దృష్టియందుంచుకొనియే పుట్టినదని యెఱిగియు, మనము సభలలో దానిని గూర్చి కష్టముగానే మాటలాడుదుము. ఏల పుట్టవలసివచ్చెనో యడుగము. ఆ ప్రశ్నను మన బిడ్డలైన నడుగవలెను.

కావున ఈ మహాసభ యెదుట మూడు మనవులు చేయుచున్నాము. మొదటిది: మన వసతిగృహములలో నుండు విద్యార్థులు వారమున కొకనాడు తమ తెలుగు వాచకమునుండి యొక పాఠము చదివి, అందలి పౌరధర్మమును జర్చింపవలెను. లేఖారచన యనిన సెలవులెట్లు గడచెనో మిత్రునకు వ్రాయుట మాత్రమే కాదు. బోరుబావి చెడినదని పంచాయతీకి విన్నపము వ్రాయుట, 2005 నాటి సమాచారహక్కు చట్టముక్రింద నర్జీ వ్రాయుట, 1996 నాటి చట్టముచే నడవిప్రాంతపు గ్రామసభకు గల యధికారములేవో తెలిసికొని యడుగుట నేర్పవలెను. రెండవది: అడవియంచున నున్న మన సంఘశాఖలు కోయపెద్దల సాయముతో బడిపిల్లలకు వలయు మాటలను, కోయ, తెలుగు రెండింటను జిన్నపుస్తకముగా గూర్చి, ఆ యూరి యుపాధ్యాయుల కీయవలెను. 'ఏరు' అను మాట మొదటి పుటలో నుండుగాక.

మూడవది మన మగ్గమునకు సంబంధించినది. జాతీయపతాకమును గూర్చిన పాఠము ప్రతి బిడ్డయు జదువును. 1921లో బెజవాడ కాంగ్రెసునాడు పింగళి వేంకయ్యగారు గాంధీమహాత్మునకు బతాకనమూనా నిచ్చిరనియు, 1947 జూలై 22వ తేదీన రాజ్యాంగసభ మన త్రివర్ణపతాకము నంగీకరించె ననియు జదువును. ఆ పతాకము చేతితో వడికి చేతితో నేసిన ఖద్దరుదై యుండవలె ననుట చిరకాలనియమము. 2021 డిసెంబరు 30వ తేదీ సవరణచే యంత్రముపై జేసిన పాలియెస్టరు పతాకమునకును అనుమతి లభించినది. పతాకము ప్రతి యింటికి జేరుటకు జేసిన యేర్పాటు కావచ్చును. దానిని మేము తప్పుపట్టుటకు రాలేదు. కాని మన సంఘముచేత బడులకు బంచబడు పతాకములు మాత్రము మగ్గముపై నేసినవే కావలెను. ఆ పతాకమును నేసిన చేతులేవో పిల్లలకు జూపవలెను. నేసినవానిని మఱచి పతాకమునకు వందనము చేయుట యసంపూర్ణము. సంతలో నవ్వకు తక్కువ చిల్లర యిచ్చిన చేతితో పతాక మెగురవేయుట యంతకన్నను నసంపూర్ణము. ఈ రెండు మాటలను గలిపి మన బిడ్డలకు జెప్పుదము.

ఆ బాలుడు నేడు పెరిగి పెద్దవాడై, తన గూడెపు గ్రామసభలో మాటలాడుచున్నాడని వింటిమి. మా బోధన మూలముననే యని చెప్పుకొను నర్హత మాకు లేదు. మన వాచకములు, మన యుపాధ్యాయులు, మన దుకాణములు నొక్కమాటమీద నున్ననాడు అట్టివారు మఱి పదుగురు రాగలరు.